గరుకు కాయితం కోసం చంద్రపూర్ దాంక

పిల్లలూ, మీకు తెలుగు చదవరాదు గదా, మీ అమ్మతోటి చదివించుకుని వినుండ్రి. మా పాత ఇల్లు ఎట్లుండెనో గీసి పంపమన్నరు. ఆ ఊరు మొత్తం బొగ్గుగనిల పోయింది, ఒక్క ఫోటో గూడ లేదు. మీరు పోయినసారి మా ఇంట్ల మర్చిపోయిన పాస్టెల్ రంగులతోటి చార్ట్ కాయితం మీద గీస్తే, ఊదంగనే రంగంత రాలిపాయె. మీల చిన్నది ఫోన్ల చెప్పింది, "అమ్మమ్మా, గరుకుది కావాలె, రంగును పట్టుకునేది" అని.

గందుకే మంగళారం పొద్దున తొమ్మిదింటికి ఇప్పుడుంటున్న సాస్తిల బస్సెక్కిన. రాజురాల దిగి ఇంకో ఎర్రబస్సు. ఆడోళ్లకు సగం టికెటే. వర్ధా వంతెన మీద పక్కనామె అడిగింది.

"దవఖానకా, పెద్దమ్మా?"

"కాదు బిడ్డా, కాయితానికి."

"రేషన్ కాయితమా?"

"బొమ్మలేసేది."

నా మొకం దిక్కు చూసి జర దూరం జరిగింది.

పదకొండింటికి చంద్రపూర్ల దిగి, జట్‌పురా గేట్ కాడ తర్రి పోహా, అదే కారం పులుసు పోసిన అటుకులు, తిన్న. మీరొస్తే తర్రి తక్కువ పోయమనుండ్రి, కారం జాస్తి.

పుస్తకాల దుకాణంల అన్ని నున్నటివే. నాకొచ్చిన మరాఠీల గరుకు కాయితానికి "ఖర్‌ఖరీత్ కాగద్" అంటి. ఆయన ఎదురుంగున్న హార్డ్‌వేర్ దుకాణానికి తోలిండు. ఆడ తలుపులు రుద్దే పాలిష్ పేపర్ నా ముంగట పెట్టిండ్రు.

"దర్వాజా రుద్దుతవా, ఆజీ?" ఆజీ అంటే వాళ్ల భాషల అమ్మమ్మ.

"రుద్ద బేటా, గీస్త."

దుకాణమంత నవ్విండ్రు. సిగ్గయింది. అయినా కొంగుల కట్టుకపోయిన నీలిరంగు ముక్క తీసి దానిమీద గీసిన. పట్టింది! ఊదిన, పోలే. మోటుది రంగుముక్కను తినేస్తది, సన్నగరుకుదే మంచిది. అసుంటి నల్ల కాయితాలు ఐదు చుట్టిచ్చుకున్న.

రెండింటికి వాపస్ బస్సు. రాజురా దాటినంక గని మట్టిగుట్టలు కనబడ్డయి. వాటి అవతల్నే మా ఇల్లుండె. తలుపు నీలిదని యాదికుంది. ఏ దిక్కు తెరుచుకునేదో ఎంత సోంచాయించినా రాలే. నాకే యాదిలేకుంటే మీకేం గీసి పంపాలె?

కండ్లు మూసుకున్న. అప్పట్ల దినాం తెచ్చినట్టే ఎడమ చంకల నీళ్లబిందె ఉన్నదనుకుని, కుడిచేయి ముంగటికి నూకిన. తలుపు కుడిదిక్కు, లోపటికి తెరుచుకుంది. నా చెయ్యి తాకి ముంగటి సీటాయన తిరిగి చూసిండు.

"ఏమైంది, ఆజీ?"

"ఏంలే బాబూ, ఇంట్లకు పోతున్న."