కొండెక్కిన వెలుతురు

మా పెద్ద వదిన పోయింది. పోయిన వారం ప్రొద్దుటూరులో, తన ఫ్లాట్‌లోనే, మధ్యాహ్నం పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. నా భర్తకు అక్క. నాకు అంతకన్నా ఎక్కువ.

జమ్మలమడుగు ఉమ్మడి ఇంట్లో బీరువాల మధ్య, పరుపుల మధ్య పక్కకు తిరిగి నడిచి నడిచి విసిగిందేమో, ఫ్లాట్ కొనుక్కున్నాక హాల్లో ఒక చాప, ఒక బల్ల తప్ప ఏమీ పెట్టలేదు. పులివెందుల నుంచి చూడవచ్చిన ఆమె మేనత్త గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఏందిమే, సామాన్లు ఇంకా రాలేదా?"

"వచ్చినాయి గదత్తా. ఈ చాపే."

"శానా బోసిగా ఉండాది."

"గోడకు లైటు పెట్టిస్తాండా. అప్పుడొచ్చి చూడు."

ట్యూబులైటు వదినకు గిట్టదు. "కండ్లల్లో సున్నం కొట్టినట్టుంటాది" అనేది. దేవుని దీపాన్ని ఆరిపోయింది అనకుండా కొండెక్కింది అంటాం కదా, ఆ మర్యాద ఆమె కరెంటు బల్బుకు కూడా ఇచ్చేది. "ఆ బాత్రూం లైటు కొండెక్కించుమే" అన్నప్పుడల్లా నాకు నవ్వాగేది కాదు.

ఆ మాటే తమాషా చేసింది. లైట్లు బిగించే సాయబుకు గోడ కింద, చాప పక్కన చోటు చూపించి, "టప్పున ఆగిపోకూడదప్పా, మెల్లగా కొండెక్కాల" అని చెప్పి, పక్క వీధిలోని మా ఇంటికి వచ్చింది. ఇద్దరం తిరిగి వెళ్లేసరికి లైటు పైకప్పు అంచున ఉంది.

"ఇదేందప్పా, ఆడ పెట్టినావు?"

"నువ్వే గదక్కా కొండెక్కాల అంటివి! ఎక్కిచ్చినా."

వదిన నవ్వి నవ్వి చాప మీద కూలబడింది. అతనూ నవ్వుతూనే విప్పడానికి నిచ్చెన వేశాడు.

"ఉండప్పా, ఒకతూరి ఎలిగించి చూద్దాం."

ఫ్యాను రెగ్యులేటరు లాంటి స్విచ్చి తిప్పగానే తేనెరంగు వెలుతురు గోడ మీదుగా కిందికి జారింది. మేస్త్రీ సరిగా పూయని సిమెంటు గతుకులన్నీ గండికోట కొండల్లా తేలాయి. వెనక్కి తిప్పితే కింద నుంచి చీకటి పడుతూ వచ్చి, వెలుతురు మెల్లగా పైకెక్కిపోయింది.

"ఇంగ దీన్ని ముట్టుకోవద్దప్పా" అంది వదిన.

అప్పటి నుంచి సాయంత్రం పూజ ముగించుకుని అక్కడికే పోయేదాన్ని. ఏమీ లేని గది అంత నిండుగా ఉండటం నేను గుడిలో తప్ప ఎక్కడా చూడలేదు.

ఆమెను అదే హాల్లో పడుకోబెట్టిన సాయంత్రం మేనత్త ఏడుస్తూ, "బిడ్డ చీకట్లో ఉండాది. ట్యూబులైటు తెప్పీయండప్పా" అంది. నా భర్త తీసుకురావడానికి లేచాడు. పెద్దల మాటకు నేనెప్పుడూ అడ్డు చెప్పలేదు. కానీ ఆ తెల్లటి వెలుగులో వదినను చూడలేననిపించింది.

"వద్దత్తా" అన్నాను. "ఆమెకు గిట్టదు."

వెళ్లి స్విచ్చి తిప్పాను. వెలుతురు ఒక్కో కొండా దిగి వదిన ముఖం మీదికి వచ్చింది. మేనత్త ఏడుపు ఆపి దగ్గరికి జరిగి చూసింది.

"పండుకున్నట్టే ఉండాది మే" అంది.

మరుసటి రోజు ఆమెను సాగనంపి, ఇల్లు కడిగి, ఆమె పడుకున్న చోట నూనె దీపం పెట్టాం. పొద్దు వాలాక నేను గోడ లైటు కొండెక్కించాను. ముందు నేల, తర్వాత కొండలు చీకట్లో కలిశాయి. పైకప్పు అంచున తేనెరంగు గీత ఒకటి కాసేపు నిలిచి, అదీ వెళ్లిపోయింది. కింద చిన్న దీపం మాత్రం అలాగే వెలుగుతూ ఉంది.