గంపలో పైవరస

మునిలక్ష్మిది పుంగనూరు పక్క పల్లె. మదనపల్లె టమోటా మండీలో గంపలు సర్దడం పని. పన్నెండేళ్లుగా ఒకటే విద్య: అడుగున చితికినవీ, గోలీకాయలంతవీ, మీద మాత్రం నిగనిగలాడే కాయలు. పైన పటారం లోన లొటారం అని లోకం అంటుంది, మండీలో దాన్నే 'పైవరస' అంటారు. అది బాగా పేర్చినదానికే మర్నాడు పని.

ఎనభై నాలుగులో మండీ యజమాని చెంగయ్యకు నీతి మీద మోజు పుట్టింది. వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడు కావాలి మరి. రిటైరైన లెక్చరరు ఒకాయన్ని పిలిపించి, శాలువా కప్పి, కూలీలందర్నీ గోనెసంచుల మీద కూర్చోబెట్టాడు.

"ధర్మం ఏ సర్కారూ రాసిచ్చింది కాదు. మనిషికి పుట్టుకతోనే వస్తుంది. మండీ ఆనవాయితీ దానికి ఎదురొస్తే, తప్పు ఆనవాయితీదే" అన్నాడాయన. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది చెంగయ్యే.

పాపం, మునిలక్ష్మి నమ్మింది. మర్నాడు కాయలన్నీ కలిపి, కిందా మీదా ఒకే తీరుగా సర్దింది.

కుప్పం నుంచి రైల్లో బెంగుళూరుకు సరుకు పంపే వ్యాపారి పెద్దన్న, ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం, ఆ గంప చూసి మొహం చిట్లించాడు. మీదే ఇట్లుంటే అడుగున ఎట్లుంటాయో అని మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాడు. అంతా ఒకటే సరుకు. వారం రోజులు ఆమె గంపలే అడిగి కొన్నాడు.

చెంగయ్య పిలిస్తే, పని ఊడిందనుకుంది మునిలక్ష్మి.

"నువ్వింక సర్దొద్దులేమ్మా. మంచి కోక కట్టుకోని ముందర కూర్చో. నలుగురికీ కనపడితే సాలు" అన్నాడు.

కుర్చీ వేయించాడు, ఫ్యాను పెట్టించాడు, కూలి రెండింతలు చేశాడు. వెనక షెడ్డులో తోటి కూలీలు ఆదెమ్మావాళ్లు పాత పద్ధతిలోనే సర్దుతున్నారని తెలిసీ మునిలక్ష్మి మూడురోజులు నోరు మెదపలేదు. సుఖంగానే ఉండింది, అబద్ధమెందుకు.

నాలుగోరోజు పెద్దన్న గంప ముట్టుకోనుకూడా లేదు. "నువ్వుండావు గదమ్మా, ఇంక సూసేదేముండాది" అని అన్నీ బండికెక్కించమన్నాడు.

మునిలక్ష్మి లేచి, దగ్గరున్న గంప బోర్లించింది. చితికిన కాయలు పెద్దన్న చెప్పుల మీదికి దొర్లాయి.

"పైవరస నేనేనప్పా. అడుగు సూసుకో" అంది.

ఆ పొద్దే ఆమెను పనిలోంచి తీసేస్తూ చెంగయ్య నిజంగానే నొచ్చుకున్నాడు.

"నీతి చెప్పించింది నేనే గదమ్మా. పాటించేముందు నన్నొక మాట అడగకూడదా?"