స్ప్రింగు దిమ్మె మీద మా ఆయన

మంగళవారం. ఉతికిన బట్టలు రెండు బకెట్లు, ఏరిన బియ్యం ఐదు కిలోలు, నింపిన నీళ్ల డ్రమ్ములు మూడు.

గౌలిపుర దుకాణం నుంచి రాంగనే మా ఆయన ఫోన్ల గేమ్ పట్టిండు. అండ్ల బొమ్మ కాలు పెడితే పైకెగరేసే స్ప్రింగు దిమ్మెలు వారం నుంచి దాటుతలేడు. "దిమ్మెలే ఖరాబున్నయ్" అని లొల్లి. పక్కన కూసొని లెక్కపెట్టిన. ఇరవై సార్లు బొమ్మ పడితే పందొమ్మిది సార్లు దుంకే బటన్ తొందరపడి నొక్కిండు.

"కాలు ఆనినంక నొక్కుండ్రి" అన్న.

"నీ వంటింటి లెక్కలు ఈడ నడవయ్. నువ్వు దాటు, ఇయ్యాల గిన్నెలన్నీ నేనే తోముత."

రెండోసారికే దాటిన. "ఏదో తగిలింది లే" అన్నడు.

ఇరవై రెండేండ్లల్ల ఒక్కనాడన్న నా మాట పూర్తయ్యేదాకా ఆగని మనిషి, స్ప్రింగు కోసం ఆగుతడా? మీ ఇంట్ల ఆగేటోళ్లుంటే చెప్పుండ్రి, వచ్చి చూసిపోత.

రాత్రి గిన్నెలన్నీ ఆయనే తోమిండు. బాకీ, మాడిన కడాయితో సహా, చెల్లు.