మత్తిగిరిలో అజ్ఞాతవాసం

బంధువుల పెళ్లి ఆల్బమ్‌లలో మా నాయన భుజమో, చెవో, రుమాలు పట్టుకున్న చెయ్యో కనిపించేది. ముఖం మాత్రం ఎక్కడా ఉండేది కాదు. కెమెరా ఇటు తిరగగానే ఆయనకు తుమ్ము వచ్చేది, లేదా చెప్పులు ఎక్కడ విడిచానో చూసి వస్తానని లేచిపోయేవాడు. చిన్నప్పుడు నేను దాన్ని సిగ్గు అనుకున్నాను. కొంచెం పెద్దయ్యాక పొగరేమో అనుకున్నాను. రెండూ తప్పే.

మేము మత్తిగిరిలో, పశువుల ఫారం దగ్గర ఒక బాడుగ ఇంట్లో ఉండేవాళ్లం. నాయన హోసూరులో ఒక ఫ్యాక్టరీలో స్టోర్ కీపరు. బోల్టులు, నట్లు, గ్రీజు డబ్బాలు ఆయన సామ్రాజ్యం. అంత భయస్తుణ్ణి నేను మళ్లీ చూడలేదు. గేటు దగ్గర యూనియన్ వాళ్లు జెండా ఎగరేస్తే ఆ రోజు ఆయనకు కడుపు చెడేది. ఓటు వేసేవాడు కాదు. రెండుసార్లు సూపర్‌వైజరును చేస్తామన్నారు, కాలేజీ సర్టిఫికెట్లు తెమ్మనేసరికి వద్దన్నాడు. తనకు నా అనేవాళ్లు లేరనీ, బొంబాయి మిల్లులో పనిచేసి వచ్చాననీ చెప్పేవాడు. బొంబాయి ఎట్లా ఉంటుందని అడిగితే "ఆడ వాన ఎక్కువ" అనేవాడు. ఇరవై ఏళ్లలో ఆ మహానగరం గురించి మాకు అందిన సమాచారం అంతే.

నేను బర్గూరులో ఇంజనీరింగు ముగించి హోసూరులోనే ఒక కంపెనీలో చేరాను. చేరిన ఏడాదికి వాళ్లు నన్ను మూడు నెలల ట్రైనింగుకు మలేషియా పంపుతామన్నారు. పాస్‌పోర్టు కావాలి, దానికి పోలీసులు ఇంటికి వచ్చి విచారించి పోతారు. నాయన ఆ దరఖాస్తును చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో పట్టుకుని, "ఆడపిల్లకు అంత దూరం ఎందుకమ్మా" అన్నాడు. నాలుగేళ్లు నన్ను హాస్టల్లో ఒంటరిగా ఉంచిన మనిషికి నేను ఆడపిల్లనని అప్పుడే గుర్తొచ్చింది. చిరునామా కోసం అడిగిన రేషన్ కార్డు ఇవ్వలేదు. నా బదులు ఇంకొకరు వెళ్లారు. నెల రోజులు ఆయనతో నేను మాట్లాడలేదు.

నా అలక తీర్చడానికే ఒక ఆదివారం మమ్మల్ని మ్యాట్నీకి తీసుకెళ్లాడు. ఏం సినిమా అని చూడలేదు. ఆ థియేటర్లో ఫ్యాన్లు బాగా తిరుగుతాయని ఎంచుకున్నాడు.

సినిమాలో నలుగురు. ఒకప్పుడు విప్లవమని తుపాకులు పట్టి, తర్వాత పేర్లు మార్చుకుని పెద్దమనుషులై బతుకుతుంటారు. ఒకడు ప్రిన్సిపాలు, ఒకడు డాక్టరు, ఒకడు హోటలు యజమాని, నాలుగోవాడు ఏకంగా మంత్రి. ఒక పోలీసు అధికారి పాత ఫైలు దుమ్ము దులిపి ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ వస్తాడు. ఎవరికీ కనపడకూడదని ఆ నలుగురూ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, నడిబజారులో, వాన కురిసేటప్పుడు మాత్రమే కలుసుకుంటారు.

మా నాయన నవ్వడం మొదలుపెట్టాడు. సినిమా ఎంత గంభీరమైతే ఈయనకు అంత నవ్వు. ముందు వరుసలోని ఆయన వెనక్కి తిరిగి, "ఏమప్పా, ఇది కామెడీ సినిమానా?" అన్నాడు.

"దాక్కునేవాడు అంత మంచి చొక్కా యేసుకుంటాడా అప్పా? ఎవరూ రెండోసారి చూడకుండా ఉండల్ల కదా," అన్నాడు నాయన. తన చేతిపని గురించి మాట్లాడే మేస్త్రీలా అన్నాడు.

అంతలో తెరమీద అధికారి ఫైలు తెరిచాడు. లోపల హీరో చిన్ననాటి ఫోటో ఉంది. నాయన నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇంటర్వెల్లో సైకిల్ స్టాండు పక్కన నిలబడి, "ఇంటికి పోతాం పాపా. నన్ను గూడా అట్లే వెతుకుతా ఉంటారు," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. బెల్లు కొట్టేలోపు అంతా చెప్పేశాడు. కృష్ణగిరిలో చదివేటప్పుడు ఆయనా, ఇంకో ముగ్గురూ విప్లవం తేవాలనుకున్నారు. ఎర్ర రంగుతో గోడల మీద రాశారు. ఒక పల్లెలో భూస్వామి ఇంట్లో దూరి తుపాకి ఎత్తుకొచ్చారు. తూటాలు ఎక్కడ పెడతాడో కనుక్కోవడం మరిచిపోయారు. ఏం చేయాలో తెలియక ఆ తుపాకిని ఒక బావిలో పడేశారు. మర్నాడు పొద్దున ఆ పల్లెకు పోలీసు జీపు వచ్చిందని విని నలుగురూ నాలుగు దిక్కులకు పరుగెత్తారు. నాయన పరుగు హోసూరులో, వేరే పేరుతో, బోల్టుల మధ్య ఆగింది.

మా అమ్మ మురుకులు నములుతూ అంతా విన్నది. "బొంబాయి కాదని నాకు తెలుసు. పెండ్లయిన మూడో నెలలోనే తెలిసింది. నిద్రలో జిందాబాద్ అంటావు కదయ్యా. మిల్లులో పనిచేసినోళ్లు అట్ల అనరు."

"మరి అడగలేదేమే?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తావు. దాన్ని గుర్తు పెట్టుకునే పని నాకెందుకు?"

రెండో సగం కూడా చూశాం. మంత్రి ఏమవుతాడో తెలుసుకోవాలని అమ్మ పట్టుబట్టింది. మిగతా ముగ్గురూ చచ్చిపోయారు, మంత్రి శవాలకు దండలు వేశాడు.

తర్వాత నాలుగు రోజులు నాయన సరిగ్గా తినలేదు. ఐదో రోజు, "పోయి అడిగేస్తాను. పట్టుకుంటే పట్టుకోనీ," అన్నాడు. సంచిలో రెండు లుంగీలు, తువ్వాలు, పళ్లపొడి, బీపీ మాత్రలు సర్దుకున్నాడు. జైల్లో పళ్లపొడి ఇస్తారో లేదో అని అమ్మనడిగాడు. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను.

కృష్ణగిరి దగ్గర, ఆ తుపాకి పల్లెకు సంబంధించిన పోలీసు స్టేషన్లో రికార్డులు చూసే రైటరు మా వైపు తెలుగు మనిషే. నాయన చేతులు కట్టుకుని నిలబడి, "నా స్నేహితుడొకడు సార్..." అని మొదలుపెట్టాడు.

"కూకోప్పా. ఏమి చేసినాడు నీ స్నేహితుడు?"

నాయన చెప్పాడు. రైటరు పాపం మంచివాడు, లోపలికి వెళ్లి ఆ ఏడాది రిజిస్టరు వెతికి తెచ్చి, అద్దాలు తుడుచుకుని పేజీ పేజీ చూశాడు.

"ఆ యేడు ఆ ఊర్లో రెండే కేసులప్పా. ఒకటి మేకల దొంగతనం, ఇంకొకటి సారాయి."

"తుపాకి సార్?"

"పోయిందని ఎవరూ చెప్పలేదే. లైసెన్సు లేని తుపాకి అయ్యుంటుంది. చెప్తే తుపాకి పెట్టుకున్న ఆయప్పనే లోపలేస్తారు కదా."

"మర్నాడు జీపు వచ్చింది సార్. నేను... నా స్నేహితుడు విన్నాడు."

"సారాయి కోసం వచ్చుంటుంది."

"గోడల మీద రాసినాడు సార్, ఎర్ర రంగుతో."

"ఆ కాలంలో గోడల మీద రాయనోళ్లు ఎవరప్పా?"

నాయన రిజిస్టరు మీదికి వంగాడు. "ఇంకోసారి చూడండి సార్. మూడో పేజీ బిరబిరా తిప్పేసినారు మీరు."

రైటరు మూడో పేజీ మళ్లీ చూశాడు. తర్వాత రిజిస్టరు మూసి, "నీ స్నేహితుణ్ణి నిమ్మళంగా ఉండమని చెప్పప్పా. ఆయప్పను ఎవరూ వెతకలేదు," అని మాకు కాఫీ తెప్పించాడు.

బస్‌స్టాండులో నాయన సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. విడుదలైన మనిషిలా లేడు, పరీక్ష తప్పినవాడిలా ఉన్నాడు. నెల రోజులుగా నేను తయారుచేసి పెట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. వాటిలో ఒక్కటే బయటికి వచ్చింది.

"మలేషియా, నాయనా."

"తప్పు చేసినాను పాపా," అన్నాడు.

అంత సులువుగా ఒప్పుకుంటాడని అనుకోలేదు. మిగతా మాటలన్నీ వృథా అయ్యాయి. హోసూరు బస్సు వచ్చింది, ఆయన లేవలేదు. రాయకోట బస్సు వచ్చినప్పుడు లేచాడు.

"నాకు అక్క ఉంది," అన్నాడు.

రాయకోట దాటి రెండు మైళ్లు నడిస్తే ఆ పల్లె. ఇంటి ముందు ఒకామె రాగులు చెరుగుతోంది. నాయన ఎదురుగా నిలబడి తన పేరు చెప్పాడు. ఆ పేరు నేను వినడం అదే మొదలు. ఆమె చేట కింద పెట్టి చాలాసేపు చూసింది. పరుగెత్తుకొచ్చి పట్టుకోలేదు, ఏడవలేదు.

"పోలీసులు ఎన్నిసార్లు వచ్చినారక్కా?" అన్నాడు నాయన. ఇరవై అయిదేళ్ల తర్వాత తోబుట్టువును అడిగిన మొదటి మాట అది.

"పోలీసులా? ఎవరూ రాలేదు. అమ్మ తిరిగింది. ధర్మపురి, సేలం, కోలారు, యాడ ఎవరు చూసినామంటే ఆడికి. హోసూరుకు గూడా పోయింది. ఫ్యాక్టరీ గేటు కాడ రెండు దినాలు నిలబడింది. నీ మాదిరి మనిషి ఉండాడని ఎవరో చెప్పినారు."

నాయన నేల చూశాడు. "చూసినాను," అన్నాడు.

"ఏమి చూసినావు?"

"స్టోరు కిటికీలోంచి అమ్మను చూసినాను. ఎనక పోలీసులుంటారనుకున్నాను. ఆ రెండు దినాలూ ఎనక గేటులోంచి పోయినాను."

అమ్మ యాడుంది అని నాయన అడగలేదు. అత్త చెంబుతో నీళ్లు తెచ్చి, "కాళ్లు కడుక్కో" అంది. రాగిముద్ద, ఉలవచారు పెట్టింది. ఆయన తిన్నంతసేపూ తిట్టింది. తిడుతూనే రెండో ముద్ద వేసింది. ఆయన తలెత్తకుండా అదీ తిన్నాడు.

మధ్యాహ్నం మమ్మల్ని చేను గట్టుకు తీసుకెళ్లి రాళ్లు పేర్చిన సమాధి చూపించింది. "కిటికీ సంగతి నాకు కాదు, ఆమెకు చెప్పుకో," అని అనపచిక్కుడు చేనులోకి దిగింది. నేను కూడా దిగాను. ఇద్దరం కాయలు కోస్తుంటే గట్టు మీద నాయన గొంతు సన్నగా వినిపించింది. ఏం చెప్తున్నాడో వినపడలేదు, అత్త ఆ వైపు తిరగలేదు.

"మీ అమ్మది యా ఊరు పాపా?" అని అడిగింది.

చెప్పాను.

"వచ్చే ఆదివారం ఆయమ్మను గూడా పిల్చుకొని రండి. దానికి ఇంకో ఇరవై అయిదేండ్లు పట్టనీయద్దు," అని నా ఒడిలో రెండు గుప్పిళ్ల కాయలు పోసి, ముదురువి వేరే పెట్టమంది.