సుగుణత్త మైకు

మా కోటబొమ్మాళి చర్చికి కొత్తగా చిన్న సౌండ్ మిక్సర్ కొన్నారు. ఏ బటన్ ఏం చేస్తుందో వారమంతా నేర్చుకుని, ఈ ఉదయం ఆరాధనలో దాని ముందు నేనే కూర్చున్నాను.

పాటల బృందంలో మా సుగుణత్త గొంతు మిగతా గొంతులన్నింటినీ మింగేస్తుంది. అందుకని మొదటి పాటలోనే ఆమె మైకు సౌండు మెల్లగా తగ్గించాను. మిగతావాళ్లు కూడా పాడతారని సంఘానికి అప్పుడే తెలిసింది.

రెండో చరణానికి అత్త మైకు బల్ల మీద పెట్టేసి, ఉత్త గొంతుతో అందుకుంది. ఆ గొంతు పక్కవాళ్ల మైకులన్నింటిలోంచీ వచ్చింది.

ఆరాధన అయ్యాక నా దగ్గరకొచ్చి, “ఒరే, నా మైకు పాడైపోయినాది” అంది.

“బాగుసేస్తాను అత్తా.”

“ఒద్దురా. ఇలాగే బాగున్నాది.”

ఇలాంటి అత్త మీ చర్చిలోనూ ఉంటే, ఏ బటన్ తిప్పుతున్నారో కాస్త చెప్పండి.