నడిచిన మొగలి కంచె

నాయనమ్మ ట్రంకు పెట్టె మూత ఎత్తగానే ఎండిన మొగలి రేకుల వాసన గుప్పుమంది. తోట అమ్మకానికి పెట్టి పాత కాగితాల కోసం వెతుకుతుంటే, పట్టుచీర మడతలో, ఆ రేకుల కింద, మా ముత్తాత నాటి దస్తావేజు దొరికింది. హద్దుల దాకా చదివి ఆగిపోయాను. తూర్పు హద్దు మొగలి కంచె అనీ, కంచెకు అవతల పొరుగువారి పనస చెట్టు ఉందనీ రాశారు. నమ్మబుద్ధి కాక సోంపేట వెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో నకలు తీయించాను. అక్కడా అదే మాట.

మా ఇంట్లో చెప్పుకునే కథ వేరు. ఆ చెట్టు తాతలనాటి నుంచీ మాదేననీ, పొరుగింటి దాలమ్మత్త కాజేయబోతే నాయనమ్మ గట్టిగా నిలబడి దక్కించుకుందనీ చెప్పేవారు. నా పిల్లలకు నేనూ అలాగే చెప్పాను, సిగ్గులేకుండా.

అరవైల చివర, నాకు ఏడేళ్ళప్పుడు, ఉద్దానంలో మా ఊరి తోటలకు గోడలూ ముళ్ళతీగలూ లేవు, అన్నిటికీ మొగలి పొదలే కంచె. ఏటా తొలకరికి ఇసుక తడిసిందంటే నాయనమ్మ గునపం పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, కంచెకు అవతలి వైపు పిలకలు నాటించేది. ఇవతలి వైపు ముదిరిన పొదలు కొట్టించి, ఆకులు చాపలకూ ఊడలు తాళ్ళకూ వాడేది. "కంచె సిక్కబడాల గుంటా, ఇంకాస్త అవతలికెయ్యి" అనేది. కంచే చేను మేసిందని సామెత. మా కంచె నడిచి వెళ్ళి మరీ మేసింది.

మా నూతి గట్టు నుంచి కంచె దాకా ఒంటికాలి మీద గెంతడం నా ఆట. మొదటి ఏడు ముప్పై గెంతులు పట్టేవి. నేను పొడుగవుతున్నకొద్దీ తగ్గాలి కదా, మూడో ఏటికి నలభై అయ్యాయి. ఆ సంగతి నాయనమ్మతో అంటే నోరు మూసుకోమంది. అంటే, నాకు తెలుసు.

దాలమ్మత్తకు మగదిక్కు లేదు. నాలుగు కొబ్బరి చెట్లూ ఆ పనసా ఆవిడకు ఆధారం. వేసవిలో కాయ పండితే వీధి చివరికి వాసన కొట్టేది. అరచేతులకు కొబ్బరినూనె రాసుకుని కాయ చీల్చి, మొదటి తొనలు నాకే పెట్టేది. పిక్కలు పొయ్యి బూడిదలో కాల్చి, వేడివేడిగా నా ఒడిలో పోసేది.

నాలుగో ఏటి వానలకు కంచె పనస చెట్టును దాటింది. దాలమ్మత్త పెద్దమనుషుల్ని పిలిచింది. ఆవిడ కాగితం ఎప్పుడో తుఫానుకు తడిసి పాడైపోయింది. మా కాగితం అడిగితే, అది కనబడటం లేదంది నాయనమ్మ. పిల్లలు అబద్ధమాడరని, ఆ పెద్దమనుషుల్లో ఒకాయన నన్ను పిలిచాడు.

"కంచె ఎప్పుడూ ఇక్కడే ఉండేదేటే? నిజం సెప్పు."

నాయనమ్మ నా వైపు చూడను కూడా లేదు. "ఇక్కడే" అన్నాను.

చెట్టు మాదైపోయింది. దాలమ్మత్త కొంగు దులుపుకుని లేచింది. వెళ్తూ వెళ్తూ నా తల నిమిరి, "దాన్నేటీ అనకండి. సిన్నగుంట, దానికేటి తెల్సు" అంది. ఆ మాట చాటున యాభై ఏళ్ళు దాక్కున్నాను. మరుసటి వేసవి ఆ తొనలు నాకు గొంతు దిగలేదని రాయాలని ఉంది కానీ, దిగాయి. ఇష్టంగానే తిన్నాను.

మొన్న కొనేవాళ్ళు సర్వేయరును తీసుకొచ్చారు. ఊళ్ళో మొగలి కంచెలు ఇప్పుడు ఎక్కడా లేవు, అన్నీ సిమెంటు స్తంభాలే. పనస తుఫానుకు కూలిపోయి మొద్దు మిగిలింది. దాలమ్మత్త పోయి చాలా ఏళ్ళైంది, ఆవిడ వెనక ఎవరూ లేరు, ఇంటి చోట పునాది రాళ్ళున్నాయి.

"హద్దెక్కడమ్మా?" అని అడిగాడు సర్వేయరు.

మొద్దుకు ఇవతలికి నడిచి వచ్చి, ఇసుకలో కాలు ఆనించి, "ఇక్కడ" అన్నాను. అతను రాసుకున్నాడు. అవతల వినడానికి ఎవరూ లేరు.