చేపల మీద పడ్డ నా కన్ను

మా అత్తను నేను ఇప్పటికీ క్షమించలేదు. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదంటారు. పెట్టుకున్నాను. ఏం చేస్తారో చేసుకోండి.

నాది వర్ని దగ్గర కాలువ కింది ఊరు. నన్ను బోధన్ పక్కన చెరకు పండించే ఇంటికి ఇచ్చారు. అరవైలు ముగుస్తున్న రోజులు. ఆ ఏడు ఆ ఇంట్లో ఇద్దరం కడుపుతో ఉన్నాం. నాకు ఐదో నెల, పురిటికి పుట్టింటికి వచ్చిన మా ఆడబిడ్డకు ఏడో నెల. ఆమెకు అంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. ఈసారీ నిలవకపోతే మగడికి ఇంకో పెళ్లి చేస్తామని అత్తింటివాళ్లు మొహం మీదే చెప్పి పంపారు. పాపం, ఆ పిల్ల నడిచేటప్పుడు కూడా పొట్ట కింద చెయ్యి పెట్టుకునే నడిచేది.

ఇద్దరం కడుపుతోనే ఉన్నా కట్టడి మాత్రం నాకొక్కదానికే. నాకు చేపలంటే ప్రాణం. కాలువ ఒడ్డున పుట్టినదాన్ని, కాకుండా ఉంటుందా? చేపలు వేడి, కడుపుతో ఉన్నవాళ్లు తింటే బిడ్డ ఒంటికి పొలుసు లేస్తుందని మా అత్త నాకు పెట్టేది కాదు. అవే చేపలు కూతురికి పెట్టేది. అదేమిటంటే, మనసైంది పెట్టకపోతే బిడ్డకు చొంగ కారుతుందట. కూతురి బిడ్డకైతే చొంగ, కోడలి బిడ్డకైతే పొలుసు! నిజామాబాద్ దవాఖానాలో నర్సమ్మ నన్ను చూసి, తాజా చేపలు బాగా ఉడికించి తిను, నీకూ బిడ్డకూ మంచిదని చెప్పింది. ఆ మాట ఇంటికొచ్చి చెబితే, ఆ నర్సమ్మ ఎంతమందిని కన్నదో కనుక్కొని రమ్మంది మా అత్త. మా ఆయన సంగతి చెప్పనే అక్కర్లేదు, తల్లి ముందు నోట్లో నాలుక లేని మనిషి.

ఎండాకాలం కాలువ కట్టేశారు. ఒకరోజు పొద్దున్నే బయటికి పోయిన మా మరిది మధ్యాహ్నానికి గంపెడు చేపలు తెచ్చి వాకిట్లో పోశాడు. వేలెడంత పిల్లల నుంచి మూరెడు కొర్రమీను దాకా ఉన్నాయి. ఒక్కటీ కొట్టుకోవడం లేదు. కొర్రమీను ఒడ్డున పడేసినా ఒక పట్టాన చావదు, అది కూడా కట్టెలా పడుంది. దగ్గరికి పోతే గ్యాసునూనె లాంటి వాసన. చెరకుకు కొట్టే ఎండ్రిన్ మందు వాసన అది. ఆ డబ్బా మా కొట్టంలోనే ఉండేది. ఎండిపోతున్న కాలువ గుంటలో ఆ మందు పోస్తే చేపలన్నీ వాటంతటవే తేలతాయి, వల అక్కర్లేదు. మా ఊళ్లో ఎవరో అట్లా పోసిన నీళ్లు తాగి ఒక బర్రె కాళ్లు తన్నుకుని చచ్చింది, కళ్లారా చూశాను. అప్పటి నుంచి మా అవ్వ కొట్టుకోని చేప మీద కత్తి పెట్టేది కాదు.

మందు పోస్తే చేపలతో పాటు కప్పలూ చస్తాయి. గుంటలో కప్పలు కూడా తేలాయా అని మరిదిని అడిగాను. నవ్వాడు. తేలాయి, నీకు కప్పలు కావాల్నా వదినె అన్నాడు. ఇవి మందు చేపలు, ఎవరూ తినొద్దన్నాను. అత్త మొహం చిట్లించింది.

"నీకు పెడ్తలేనని మా నోట్ల మన్ను కొడ్తున్నవా? కడిగితే పోతది. నువ్వు పోయి పప్పు వండుకో."

ఇక నేనేం చెప్పినా కుళ్లుకొద్దీ చెప్పినట్టే. ఉప్పూ పసుపూ వేసి కడిగారు, చింతపులుసు పోసి వండారు. నిజం చెబుతాను, ఆ వాసనకు నాకు నోరూరింది. మందని తెలిసి కూడా ఊరింది. అందుకే ఆమె మాట నాకు అంత మండింది.

అందరూ వరసగా కూర్చున్నారు. కొర్రమీను నడిమి ముక్క కూతురి కంచంలోనే వేసింది. ఆ పిల్ల నావైపు చూసి తల దించుకుంది, నన్ను పక్కనబెట్టి తింటున్నానని సిగ్గు. ముద్ద నోటి దాకా పోయింది. నేను పోయి ఆమె చేతి మీద కొట్టాను. కంచాన్ని కాలితో తన్నాను. అన్నాన్ని తన్నడం పాపమని నాకూ తెలుసు. పులుసంతా గోడకు చిందింది.

అత్త లేచి నా చెంప పగలగొట్టింది. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని పెద్దలు ఊరికే అనలేదు. ఆడబిడ్డను చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయాను. నా పప్పన్నమే ఇద్దరం తిన్నాం. ఆమె ఏడుస్తూ తిన్నది. బయట మిగతావాళ్లు నన్ను తిట్టుకుంటూ ముక్క మిగలకుండా తిన్నారు.

పొద్దు గూకకముందే మొదలైంది. ముందు మరిదికి వాంతులు, ఆ వెంటనే కాళ్లూ చేతులూ కొట్టుకోవడం, అచ్చం మా ఊరి బర్రెలాగే. తర్వాత మా ఆయన, అత్త. బండి కట్టించి బోధన్ దవాఖానాకు తీసుకుపోయాను. డాక్టరు వాసన చూడగానే ఇది మందేనన్నాడు. అదృష్టం బాగుండి ప్రాణాలు దక్కాయి. అత్త వాంతి చేసుకుంటుంటే తల పట్టుకున్నది నేనే.

ఇంటికొచ్చాక, చూడవచ్చిన వాళ్లందరికీ ఆమె చెప్పింది ఇది:

"మందుతోని గాదు. గా చేపలు ఊర్ల ఇంకెందరో తిన్నరు, మాకే ఎందుకయింది? కోడలి కన్ను పడ్డది."

మిగతా ఇళ్లలో ఎవరికేమైందో ఆమె అడగనే లేదు.

ఆ తర్వాత ఇంట్లో చేపలు వండినప్పుడల్లా మొదటి ముక్క నా కంచంలోనే పడేది. ప్రేమతో కాదు, నా కన్ను భయంతో. పొలుసు సంగతి ఎత్తలేదు. నేను చేప కొట్టుకుంటోందో లేదో చూసి, కోయించి, బాగా ఉడికాకే తిన్నాను. భయపడితే పడనీ, నాకేం? తర్వాత పుట్టిన నా బిడ్డకు ఒక్క పొలుసూ లేవలేదు.

కానీ ఆడబిడ్డ పండంటి కొడుకును కన్నప్పుడు నన్ను ఆ గది గడప తొక్కనివ్వలేదు. నా కన్ను పడుతుందట. ఆ బిడ్డ కోసం చెంపదెబ్బ తిన్నదాన్ని నేను! నిండు పొట్టతో వేన్నీళ్లు కాచి గడప బయట పెట్టి వెనక్కి తిరిగేదాన్ని. లోపల ఏడుపు వినిపించేది. తొట్టెలలో వేసే రోజున వచ్చినవాళ్లంతా బిడ్డను చూశారు. నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టారు.

పేరు పెట్టడం కాగానే ఆడబిడ్డ బిడ్డను ఎత్తుకుని లేచింది. ఎక్కడికని తల్లి అడుగుతూనే ఉంది. అందరి మధ్య నుంచి నడుచుకుంటూ వంటింట్లోకి వచ్చి బిడ్డను నా ఒళ్లో పెట్టింది. బుగ్గ మీద నల్లటి దిష్టిచుక్క ఉంటే కొంగుతో తుడిచేసింది.

"సూడు వదినె. కండ్లనిండ సూడు."

అత్త గడపలో నిలబడి ఉంది. ఆమె చూస్తుండగానే చూశాను.